సూపర్ కాంట్రా: ఇంటిపేరు లేకుండా మన ఇళ్ళకొచ్చిన ఆట

పోయిన తూరి చెరువు కట్టల గురించి రాసినప్పుడు పెద్దవాళ్ళు చాలామంది బదులు రాసినారు. ఈ తూరి వంతు ముప్పై అయిదు దాటి యాభై లోపల ఉండే తమ్ముళ్ళది, చెల్లెళ్ళది. పెద్దలు కోపం చేసుకోవద్దు. వీడియో గేములో చరిత్రేముంది అని అడగొచ్చు. ఉంది, చదివినాక చెప్పండి.

మొన్న సంఘం కూటమి అయినాక టీ తాగేటప్పుడు మాట కాంట్రా మీదికి పోయింది. హోసూరులో పెరిగినోళ్ళు, బెంగళూరులో పెరిగినోళ్ళు, సోలాపూర్ నుంచి కోడలుగా వచ్చిన అక్క, బరంపురంలో చదువుకున్న తమ్ముడు, అందరికీ ఆ ఆట తెలుసు. మొదటి అడవి, ఎగిరొచ్చే అక్షరాల డబ్బాలు, ఎస్ గన్ను, అన్నీ ఒకే మాదిరి చెప్పినారు. ఇంత దూరం దూరం ఊర్లలో పెరిగిన మనవాళ్ళకి ఒకే జ్ఞాపకం ఉండే విషయాలు ఎన్నో లేవు. కానీ దాని రెండో భాగం సంగతి రాగానే తలా ఒక మాట. అది డూప్లికేట్ అని ఒకరు, అది మొదటి ఆటకే రంగు మార్చింది అని ఒకరు, అట్లాంటిది అసలు లేదు, క్యాసెట్ అమ్మేవాళ్ళు పుట్టించిన పేరు అని ఇంకొకరు. కప్పులు చల్లబడినా వాదన చల్లబడలేదు. అందుకే కూర్చుని వరసగా రాస్తున్నాం.

రెండో భాగం ఉంది. నిజమైనదే. దాని పేరు సూపర్ కాంట్రా. అమెరికాలో దాని పేరు సూపర్ సి.

ముందు మొదటి ఆట. జపాన్‌లో ఒసాకాలో 1969లో మొదలైన కంపెనీ కొనామి. మొదట్లో వాళ్ళ పని పాటల పెట్టెలు బాడుగకి ఇవ్వడం, రిపేరు చేయడం. కాసు వేస్తే పాడే జ్యూక్‌బాక్సులు. అక్కడి నుంచి కాసు వేస్తే ఆడే పెట్టెలకి పోయినారు. 1987లో వాళ్ళు దించిన ఆర్కేడ్ ఆట కాంట్రా. ఆ పెట్టెలో తెర నిలువుగా ఉండేది, మన టీవీ మాదిరి అడ్డంగా కాదు. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఒకేసారి ఆడొచ్చు. ఒక్క గుండు తగిలితే ప్రాణం పోతుంది. అప్పట్లో చాలా ఆటల్లో ఉన్న బలం గీత, గుండె బొమ్మలు ఇందులో లేవు. ఎందుకంటే అది వ్యాపారం. ఆడేవాడు తొందరగా చస్తేనే ఇంకో కాసు పడుతుంది. ఆర్కేడ్ ఆట అంటే ఎప్పుడూ ఈ లెక్కే: ఆట పొట్టిగా ఉండాల, కష్టంగా ఉండాల, చూసేవాడికి ఇంకొక్కసారి అనిపించాల.

1988 ఫిబ్రవరిలో అది ఇంటి పెట్టెకి వచ్చింది. నింటెండో వాళ్ళ పెట్టెకి జపాన్‌లో ఫామికామ్ అని పేరు, అమెరికాలో నెస్ అని పేరు. ఇక్కడే లెక్క తలకిందులైంది. ఇంట్లో కాసు వేసేవాడు లేడు. నాయన ఒకేసారి దుడ్డు కట్టి క్యాసెట్ కొనిపెట్టినాడు. ఒక్క పూటలో అయిపోతే పిల్లోడు ఏడుస్తాడు, నాయన తిడతాడు. కాబట్టి ఇంటి ఆట పొడుగ్గా ఉండాల. నిలువు తెర ఆటని అడ్డం టీవీకి మార్చాల్సి వచ్చింది కాబట్టి స్థలాలన్నీ మళ్ళీ గీసుకున్నారు. మనకి తెలిసిన ఎనిమిది స్టేజీల కాంట్రా అట్లా తయారైంది. అది ఆర్కేడ్‌కి చిన్న నకలు కాదు, దాన్ని ముందర పెట్టుకుని తిరగరాసిన ఆట. ఆర్కేడ్‌ది మూలం కాబట్టి అదే గొప్ప అని అనుకునేవాళ్ళు రెండూ ఆడి చూడాల. మా వరకు ఇంటి ఆటే మేలు.

అదే 1988లో కొనామి వాళ్ళు ఆర్కేడ్‌కి రెండో భాగం దించినారు. సూపర్ కాంట్రా. మొదటి ఆటలో ముందుకి చూస్తూ గోడలు పగలగొట్టుకుంటూ లోపలికి పోయే బేస్ స్టేజీలు గుర్తున్నాయి కదా? అవి తీసేసినారు. వాటి బదులు ఆకాశం నుంచి కిందికి చూసినట్టుండే స్టేజీలు పెట్టినారు, మనిషి తల, భుజాలు, తుపాకి మాత్రం కనిపిస్తాయి. నేల మొదటి ఆటలో మాదిరి మెట్లు మెట్లుగా కాకుండా ఏటవాలుగా కూడా వచ్చింది. కథ ఏమంటే, మొదటి ఆట అయిన ఒక సంవత్సరానికి మన సైన్యం స్థావరాన్నే ఆ గ్రహాంతర భూతాలు పట్టుకున్నాయి. బిల్, లాన్స్ అనే ఇద్దరూ మళ్ళీ పోవాల. జపాన్ లెక్క ప్రకారం అది 2634వ సంవత్సరం. ఆ ఇద్దరికీ మారు పేర్లు కూడా ఉన్నాయి, మ్యాడ్ డాగ్, స్కార్పియన్. మనం మాత్రం వాళ్ళని నీలం చెడ్డీవాడు, ఎర్ర చెడ్డీవాడు అనేవాళ్ళం. ఏ ఊరివాళ్ళని అడిగినా ఇదే పేరు చెప్తారు.

1990లో ఈ రెండో భాగం ఇంటి పెట్టెకి వచ్చింది, జపాన్‌లో ఫిబ్రవరిలో, అమెరికాలో ఏప్రిల్‌లో. ఆర్కేడ్‌లో అయిదు స్టేజీలు ఉండేది ఇంట్లో ఎనిమిది అయింది. మళ్ళీ అదే నాయన దుడ్డు లెక్క. ఆట మొదలవగానే హెలికాప్టర్ వచ్చి ఇద్దర్నీ దించుతుంది. మొదటి స్టేజీ చివర్లో ఇంకో పెద్ద హెలికాప్టర్, దాని నుంచి సైనికులు దూకుతూ ఉంటారు. ఇది గుర్తొస్తే మీరు రెండో భాగం ఆడినట్టే. అడవి, కొబ్బరి చెట్లు, వంతెన పేలిపోవడం గుర్తొస్తే అది మొదటిది.

రెండింటికీ ఇంటి పెట్టె మీద సంగీతం చేసినవాళ్ళలో ముఖ్యుడు హిడెనోరి మయెజావా. ఆ పెట్టెలో ఒకేసారి పలికే గొంతులు అయిదే. అందులో ఒక గొంతు రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దం ముక్కల్ని వినిపించగలదు. రెండో భాగంలో ఆ ఒక్క గొంతుతో డ్రమ్ములు ఎట్లా కొట్టించినారో తలకి పెట్టుకునే ఫోన్లు పెట్టుకుని వినండి. మన ఇళ్ళలో సాలిడేర్, డయనోరా టీవీల చిన్న స్పీకర్లో అది సగమే వినిపించింది.

ముప్పై లైఫుల సంగతి. పైన పైన, కింద కింద, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ, స్టార్ట్. చాలామంది దీన్ని కాంట్రా కోసం పెట్టిన గుట్టు అనుకుంటారు. కాదు. కొనామిలో కజుహిసా హషిమోటో అనే ఆయన 1986లో గ్రాడియస్ అనే విమానం ఆటని ఆర్కేడ్ నుంచి ఇంటి పెట్టెకి మారుస్తా ఉన్నాడు. పరీక్ష చేయడానికి తానే ఆడాల. ఆట కష్టం, ఆయనకి చేత కాలేదు. అందుకని తన కోసం ఒక దొంగ దారి పెట్టుకున్నాడు. అది అట్లే క్యాసెట్‌లో ఉండిపోయి బయటికి వచ్చింది. కాంట్రాలో అదే వరసని మళ్ళీ వాడినారు, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. రెండో భాగంలో మాత్రం అది పని చేయదు. అక్కడ వరస వేరు: కుడి, ఎడమ, కింద, పైన, ఏ, బి, స్టార్ట్. ముప్పై కూడా రావు, పదే వస్తాయి. పాత వరస నొక్కి, పని చేయలేదని రెండో భాగాన్ని డూప్లికేట్ అనేసినవాళ్ళు మనలో తక్కువ మంది కాదు. హషిమోటో గారు 2020 ఫిబ్రవరిలో పోయినారు. ఆ వార్త వచ్చిన రోజు దాకా ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు పేర్ల దగ్గరికి వస్తాం. మాకు జాస్తి పట్టుకున్నది ఇదే.

కాంట్రా అనే మాటని జపాన్‌లో మూడు అక్షరాలతో రాస్తారు. శబ్దం కోసం ఏరుకున్న అక్షరాలు అవి. మొదటిదానికి ఆత్మ అని, రెండోదానికి పోరు అని అర్థం పెట్టుకోవచ్చు. కానీ 1987లో అమెరికా పేపర్లలో కాంట్రా అంటే వేరే. నికరాగువాలో శాండినిస్టా ప్రభుత్వం మీద తిరగబడిన దళాలకి ఆ పేరు. వాళ్ళకి అమెరికా ప్రభుత్వం లోపల్లోపల దుడ్డు పంపిన గొడవ 1986 చివర్లో బయటపడి రేగన్‌ని ఊపేసింది. ఆర్కేడ్ ఆట చివర్లో వచ్చే పాటకి పెట్టిన పేరు శాండినిస్టా. కాబట్టి పేరు ఊరికే కుదిరింది కాదు, వార్తలు చదివేవాడే పెట్టినాడు.

అదే ఆటకి యూరప్‌లో గ్రైజర్ అని పేరు పెట్టినారు. తరువాత నింటెండో పెట్టె మీద అక్కడికి వచ్చినప్పుడు ప్రోబోటెక్టర్ అయింది, అదీ 1990లో. ఈసారి పేరు మాత్రమే కాదు, ఆటలో మనుషుల్నే తీసేసినారు. జర్మనీలో పిల్లలకి హాని చేసే ఆటలు, పుస్తకాల మీద గట్టి కట్టుబాట్లు ఉండేవి. మనిషి మనిషిని కాల్చే ఆట ఆ పట్టీలోకి ఎక్కితే అంగట్లో బయటపెట్టి అమ్మలేరు. దానికి కొనామి ఉపాయం: బిల్, లాన్స్‌లని మరమనుషులు చేసేసినారు. శత్రువుల్ని కూడా. గుండు అదే, అడవి అదే, చచ్చేది మాత్రం ఇనుము. రెండో భాగం అక్కడ ప్రోబోటెక్టర్ టూ. అమెరికాలో సూపర్ కాంట్రా ఇంటి పెట్టెకి వచ్చేసరికి సూపర్ సి అయిపోయింది. రాజకీయానికి భయపడి పేరు కొట్టేసినారని చాలామంది అంటారు. మాకు అది పూర్తిగా కుదరదు. గొడవ వేడిగా ఉన్న 1988లో మొదటి ఆట డబ్బా మీద కాంట్రా అని పెద్ద అక్షరాలు వేసి అమ్మినారు కదా, చల్లబడినాక 1990లో ఎందుకు భయం?

ఇది చదివితే మన తమిళనాడు వాళ్ళకి నవ్వు రావాల. మన సంఘంలో ఒకే వంశం వాళ్ళు గుంటూరు పోతే ఇంటిపేరుతో పిలుస్తారు, ఇక్కడ బడి రిజిస్టర్‌లో నాయన పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా పడుతుంది, ముంబై పోయినోళ్ళకి నాయన పేరు మధ్యలోకి, ఇంటిపేరు చివరికి జరుగుతాయి. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ఇంటిపేరు, గోత్రం తవ్వి తీసి సరిచూసుకోవాల్సి వస్తుంది. ఆటకీ అదే గతి. పోయిన దేశానికి తగ్గ పేరు.

మన దేశంలో మాత్రం ఇంకో అడుగు ముందుకి పోయింది. ఇంటిపేరే కొట్టేసినారు.

1990ల్లో మన ఇళ్ళకి వచ్చిన పెట్టెలు జాస్తిగా నింటెండో వాళ్ళవి కావు. నకలు పెట్టెలు. సమురాయ్, లిటిల్ మాస్టర్, ఇంకా ఏవేవో పేర్లు. అసలు పెట్టెలో ఉండే చిప్పులన్నిటినీ కలిపి ఒకే చిప్పులో పెట్టడం తైవాన్ వైపు వాళ్ళు నేర్చుకున్నాక ఖర్చు పడిపోయింది. మద్రాసులో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు పెట్టుకున్న బర్మా బజార్, బెంగళూరులో మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు, ఇట్లాంటి చోట్ల నుంచి మన ఊర్లకి చేరినాయి. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉంటుంది. లోపల పది, పదిహేను ఆటలు, పేర్లు మార్చి మార్చి అవే తిరుగుతా ఉంటాయి. 9999 దాకా కిందికి పోయి చూసిన ఓపికమంతులు మన సంఘంలో ఇప్పటికీ ఉన్నారు.

ఆ క్యాసెట్లలో వచ్చిన కాంట్రా జాస్తిగా అమెరికా ప్రతి. దీనికి ఒక కారణం ఉంది. జపాన్ ప్రతిలో కొనామి వాళ్ళు తమ సొంత చిప్పు ఒకటి పెట్టినారు. దానివల్ల అక్కడి ఆటలో కొబ్బరి చెట్లు గాలికి ఊగుతాయి, మంచు స్టేజీలో మంచు కురుస్తుంది, స్టేజీకి స్టేజీకి మధ్య దీవి పటం వస్తుంది. అమెరికా ప్రతిలో ఆ చిప్పు లేదు, సాదా పలక మాత్రమే. సాదా దాన్ని నకలు తీయడం సులువు. అందుకని మన చెట్లు ఊగలేదు. అది నకలు తీసినవాళ్ళ తప్పు కాదు, అమెరికాలో డబ్బా కొన్న పిల్లోడికీ చెట్లు ఊగలేదు.

నకలు తీసినవాళ్ళు చేసింది వేరే పని. మొదటి తెర మీద ఉండే కంపెనీ పేరు, సంవత్సరం, హక్కుల గుర్తు, అన్నీ చాలా క్యాసెట్లలో చెరిపేసినారు. అసలే ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు పని చేసినవాళ్ళ పూర్తి పేర్లు వేసేవి కావు. ఇంకో కంపెనీ వాళ్ళని ఎగరేసుకుని పోతుందని భయం. ఆట చివర్లో ముద్దు పేర్లు, సగం పేర్లు వచ్చేవి. ఆ సగం పేర్ల పైన ఉండే కంపెనీ పేరు కూడా పోతే మిగిలేది ఏముంది? క్యాసెట్ మీద బొమ్మ కూడా అంతే. తుపాకులు పట్టుకున్న ఇద్దరు కండల వీరుల బొమ్మ గీసింది బాబ్ వేక్లిన్ అనే బ్రిటన్ చిత్రకారుడు. గ్రైజర్ అట్ట కోసం ప్రెడేటర్ సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ నిలబడిన తీరు చూసి గీసినాడు. అదే బొమ్మని కొనామి అమెరికా డబ్బా మీద వాడింది, దాన్ని చూసి మన స్టిక్కర్ల మీద ఎవరెవరో దించినారు. వేక్లిన్ గారు 2018లో పోయినారు.

నకలు క్యాసెట్ దొంగ సరుకు అని మాకు తెలుసు. అదే లేకపోతే మన వీధుల్లో ఈ ఆట ఉండేది కాదనీ తెలుసు. అసలు డబ్బా ఇక్కడ దొరికేది కాదు, దొరికినా మన ఇళ్ళలో ఎవరు కొనగలరు? ఈ రెండు మాటల్లో ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం మాకు ఇష్టం లేదు.

రెండో భాగం మన దగ్గర ఎందుకు అంత తక్కువ కనిపించిందో కూడా ఇక్కడే తేలుతుంది. దానికి పలక ఇంకొంచెం క్లిష్టం, లోపల సరుకు రెండింతలు. 9999 ఇన్ 1లో దాన్ని ఇరికిస్తే ఇంకో రెండు మూడు ఆటల చోటు పోతుంది. అది విడి క్యాసెట్‌గానే జాస్తి వచ్చింది. విడి క్యాసెట్ కొనడానికి ఇంట్లో ఒప్పుకోరు, తొమ్మిదివేల ఆటలు ఉండగా ఒక్క ఆటకి దుడ్డు ఎందుకు అంటారు. అద్దెకి తెచ్చుకున్నవాళ్ళు, అదృష్టవంతులు మాత్రమే ఆడినారు. దానికి తోడు నకలు వాళ్ళు వేరే వేరే ఆటలకి కాంట్రా 6, సూపర్ కాంట్రా 7 అని నెంబర్లు తగిలించి వదిలినారు. దొంగ నెంబర్ల నడుమ అసలు రెండో భాగం కూడా దొంగదే అనిపించింది.

మూడో భాగం సంగతి కొంచెం చెప్పాల. 1992 ఫిబ్రవరి 28న జపాన్‌లో కాంట్రా స్పిరిట్స్ వచ్చింది, అమెరికాలో దాని పేరు కాంట్రా త్రీ. దీనికి ఆర్కేడ్ మూలమే లేదు, నింటెండో కొత్త పెట్టె సూపర్ ఫామికామ్ కోసమే పుట్టింది. నడిపించింది నొబుయా నకజాటో. ఒకేసారి రెండు తుపాకులు మోయొచ్చు, గోడలెక్కొచ్చు, పైకప్పు పట్టుకుని వేలాడొచ్చు. ఒక స్టేజీలో ఎగిరే క్షిపణుల్ని ఒకదాని తరువాత ఒకటి పట్టుకుని వేలాడతా కాల్చాల. పైనుంచి చూసే స్టేజీల్లో తెరంతా గిర్రున తిరుగుతుంది. అమెరికా వాళ్ళు అక్కడ కూడా ఊరుకోలేదు, బిల్, లాన్స్‌ల పేర్లు మార్చి జింబో, సల్లీ అన్నారు. ఆ పెట్టెలో బొమ్మ చిప్పులు వేరు, శబ్దం చిప్పు సోనీ వాళ్ళది. అప్పట్లో అంతటినీ ఒక్క చిప్పులో కుదించి చవకగా అమ్మడం కుదరలేదు. మన వీధికి అది రాలేదు. మనలో జాస్తి మందికి కాంట్రా చరిత్ర 1990 దగ్గర ఆగిపోయింది, మిగతాది పెద్దయినాక కంప్యూటర్లో చూసిందే.

ఇంకొకటి రాయకపోతే తమ్ముళ్ళు ఊరుకోరు. మొదటి ఇంటి కాంట్రాలో ఒకరి లైఫులు అన్నీ అయిపోతే, ఏ బటన్ నొక్కి రెండోవాడి లైఫుల్లో ఒకటి తీసుకోవచ్చు. అడగాల్సిన పని లేదు, నొక్కితే చాలు వచ్చేస్తుంది. కాసు పెట్టెలో ఎవడి కాసు వాడిది. ఇంట్లో మాత్రం అన్న లైఫు తమ్ముడిది. దీనికి ఒక్కో ఊర్లో ఒక్కో మాట ఉండింది. హోసూరులో అప్పు అనేవాళ్ళం, "రేయ్, ఒక లైఫు అప్పీరా" అని. బరంపురం తమ్ముడు ఎరువు అన్నాడు, పాలూ పంచదారా ఎరువు తెచ్చుకున్నట్టు. సోలాపూర్ అక్క వాళ్ళింట్లో దొంగతనం అనే అనేవాళ్ళంట, నేరుగా. మూడో స్టేజీ జలపాతంలో ఒకడు తొందరగా పైకెక్కితే తెర పైకి జరిగి కిందున్నవాడు చస్తాడు. వాడు వెంటనే పైవాడి లైఫు లాక్కుంటాడు. ఎన్ని ఇళ్ళలో ఎన్ని వీపులు వాచినాయో ఈ స్టేజీ వల్ల. ఆ గొడవంతా తెలుగులోనే జరిగింది. బళ్ళో తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా ఏది మాట్లాడినా, లైఫు పోయినప్పుడు నోట్లోంచి వచ్చింది మాత్రం అమ్మ మాటే.

2019లో కొనామి వాళ్ళు కొన్ని పాత ఆటలు కలిపి కాంట్రా యానివర్సరీ కలెక్షన్ అని దించినారు. ఆర్కేడ్ కాంట్రా, ఆర్కేడ్ సూపర్ కాంట్రా, జపాన్ ఇంటి ప్రతి, సూపర్ సి, కాంట్రా త్రీ, మరమనుషుల ప్రోబోటెక్టర్ కూడా అందులో ఉన్నాయి. కొత్త పెట్టెల్లో, కంప్యూటర్లో ఆడొచ్చు. మన సంఘంలో ఒక తమ్ముడి దగ్గర అది ఉంది. వచ్చే కూటమికి తెస్తానన్నాడు, హాలులో పెద్ద తెరకి తగిలిస్తాం. పిల్లల్ని తీసుకురండి. మొదట జపాన్ ప్రతి పెడతాం, చెట్లు ఊగేది. తరువాత సూపర్ సి. వరస గుర్తు పెట్టుకుని రండి: కుడి, ఎడమ, కింద, పైన, ఏ, బి.

మీ ఊర్లో లైఫు తీసుకోవడాన్ని ఏమనేవాళ్ళో కింద రాయండి, ఊరి పేరుతో సహా. యానాం వాళ్ళ మాట మాకు ఇంకా అందలేదు.